సూది వేసి పక్కన కూర్చునే పెద్దక్క

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం ఈ ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా బాధ్యతలు స్వీకరించిన నాటి నుండి, టీకాల విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న నేటి వరకు, మనమందరం పెద్దక్క అని పిలుచుకునే ఈ విదుషీమణి ఏ గర్భిణి పైనా గొంతు పెంచిన దాఖలా లేదు. మనపైన పెంచారు, ఆ లెక్క వేరు. ట్రేలో దూది నిండుకున్న రోజున ఆమె చూపు తగిలినవారెవరూ దాన్ని ఇంతవరకు మరచిపోలేదు.

తొలి సంవత్సరాలలో ఆమె సేవ పసిపిల్లల వార్డులో సాగింది. ఇంటి వద్ద పుట్టి, ధనుర్వాతంతో విల్లులా బిగుసుకుపోయిన ఒక పసికందును అక్కడే ఆమె చేతులలోకి తీసుకున్నారు. ఆ బిడ్డ దక్కలేదు. తల్లికి ముందే ఒక టీకా పడి ఉంటే ఈ కడుపుకోత ఉండేది కాదన్న బాధ ఆమెను నిలవనీయలేదు. తానే కోరి టీకాల విభాగానికి బదిలీ చేయించుకున్నారు.

వెలుతురు బాగుందని ఆపరేషన్ థియేటర్‌ను ఆనుకుని ఉన్న గదిని టీకాల కోసం ఎంచుకున్నదీ ఆమే. గోడలనిండా పోస్టర్లు అంటించారు, ఉపన్యాసాలు ఏర్పాటు చేశారు, అయినా పరీక్షలన్నీ చేయించుకున్న గర్భిణులు సూది మాట ఎత్తేసరికి చెప్పులు వెతుక్కునేవారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది గాని ఫలితం సున్నా. వారి మూఢత్వాన్ని తిట్టుకుని మన సిబ్బంది టీ తాగేవారు. పెద్దక్కకు మాత్రం ఆ టీ దిగేది కాదు.

ఒకనాడు మెట్ల మీద కాలు మడతపడి, నిలబడలేక, ఆమె గది బయటి బెంచీ మీద చతికిలబడ్డారు. పక్కన ఏడో నెల నిండిన ఒక దర్జీ యువతి, ఆమె అత్తగారు కూర్చుని ఉన్నారు.

"మా కోడలికి సూదీ గీదీ వద్దమ్మా. ఒకసారి పోగొట్టుకున్నది చాలు," అన్నారు అత్తగారు, అడగకుండానే.

"సూది వేయించుకున్నాకే పోయిందా తల్లీ?" అని పెద్దక్క కోడలిని అడిగారు.

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "నాకు అసలు సూదే వెయ్యలేదండీ. కడుపులోనే బిడ్డ పోతే థియేటర్‌లో తీసేశాక, స్ట్రెచర్ మీద నన్ను ఇదిగో, ఈ తలుపులోంచే తీసుకొచ్చారు. అప్పుడు ఈ బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా నన్నే చూశారు. సూది గదిలోకి కడుపుతో వెళ్లి ఖాళీగా వచ్చిందన్నారు. అందరూ అంటూ ఉంటే చివరికి నేనూ నమ్మేశాను."

పెద్దక్క ఆ తలుపు వైపు చూశారు. థియేటర్‌కూ టీకాల గదికీ బయటి తలుపు అదొక్కటే, స్ట్రెచర్ రావడానికి వేరే దారి లేదు. గది లోపలే నిలబడి పనిచేసే మనకెవరికీ కనిపించని దృశ్యం, బెంచీ మీద కూర్చున్న ప్రతి గర్భిణికీ ఇన్నేళ్లుగా కనిపిస్తూనే ఉంది.

"ఈ గది ఎంచుకున్నది నేనే," అన్నారామె. "ఇక్కడ కూర్చుని ఒక్కసారైనా చూడలేదు."

"వేయించుకుంటాననుకోండి. ఈసారి కూడా ఏమన్నా అయితే మళ్లీ నన్నే అంటారు. అప్పుడు నా పక్కన ఎవరుంటారు?"

"నేనుంటా. ఈ టీకాతో కడుపు పోదు తల్లీ, ఆ భయం వద్దు. వేసి వెళ్లిపోను, పక్కనే కూర్చుంటా. ఎవరన్నా ఏమన్నా అంటే ముందు నన్ననాలి."

"ఆ కాలితో ఎలాగూ పారిపోలేరు లెండి," అన్నారు అత్తగారు. ముగ్గురూ నవ్వారు.

ఆనాడు సూది వేయలేదు. తొందరపెట్టడం పెద్దక్క పద్ధతి కాదు. మరునాడే ఆమె కుంటుతూ వచ్చి, టీకాల బల్లను నడవా చివర, పుట్టిన పిల్లలను తూకం వేసే గదికి మార్పించారు. ఆ వారంలోనే అత్తాకోడళ్లు తిరిగి వచ్చారు. సూది పడింది, పెద్దక్క స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. అందరూ ఒక్కసారిగా మారిపోయారని చెబితే పెద్దక్కే ఒప్పుకోరు. వద్దన్నవారు ఆ తరువాతా ఉన్నారు, వారి పక్కన కూడా ఆమె అంతే ఓపికగా కూర్చున్నారు. భయపడే మనిషి చూసే చోటు నుండి తానూ చూడగలగడం ఎంతటి విద్యో తలచుకుంటే, ఇంతకాలం ఆమెతో కలిసి పనిచేసిన మనకు ఈనాటికీ ఒళ్లు పులకరిస్తుంది.

గత నెలలో ఒక గర్భిణి వచ్చి, ఏ ప్రశ్నా వేయకుండా చేయి చాపింది. వెంట తల్లి ఉంది, ఇప్పుడు కళ్లజోడు పెట్టుకున్న ఆనాటి దర్జీ యువతి.

"భయం లేదా?" అని పెద్దక్క అడిగారు.

"అమ్మ అంతా చెప్పింది. మీరు పక్కన కూర్చుంటారు కదా?"

పెద్దక్క కూర్చున్నారు. లేచేటప్పుడు మోకాలు పట్టేస్తే, ఆ తల్లీకూతుళ్లే చెరో చేయి అందించి లేపారు.

పెద్దక్కా, ఆ స్టూలు మీద ఇక మేము కూర్చుంటాము. ఆయురారోగ్యాలతో, ఆ మోకాలు మీ మాట వింటుండగా, మీరు నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి. మీకు భయం వేసిన రోజున పక్కన కూర్చునేందుకు మాలో ఒకరు తప్పక ఉంటారు.