మధ్యాహ్నం మాటలు

పేకముక్కల పెట్టెలోనట్రా దాచేది? ఇంట్లో ఇంకెక్కడా చోటు దొరకలేదా నీకు? రోజూ మీ బావ చేతిలో పడే పెట్టెలో మాత్రలు పోసి, ఎవరికీ కనబడవనుకున్నావా? అయినా ఆయనకెలా కనబడతాయిలే. పొద్దస్తమానం షాపులో కూర్చుని ఊళ్ళోవాళ్ళందరికీ కళ్ళద్దాలు పెట్టి పంపుతాడు గానీ, ఇంటికొస్తే ఎదురుగా ఉన్నది కనబడి చావదు.

లేవకు, కూర్చో. తిట్టడానికి రాలేదు. సరే, తిడుతున్నాననుకో. కాసేపు తిట్టనీ నన్ను.

నాలుక కింద పెట్టుకుని నీళ్ళు తాగడం, అక్క చెప్పులేసుకుని గేటు దాటాక ఉమ్మేయడం. అంతేగా నువ్వు చేసింది? మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి ఈ సంగతి నేనే చెప్తాను తెలుసా. పేషెంటు మాత్ర మింగాక నోరు తెరిపించండి, నాలుక ఎత్తి చూపించమనండి అని. మనింట్లో మాత్రం చూడలేదు. సొంత తమ్ముడి నోట్లోకి తొంగిచూడటం ఏం బాగుంటుందిలే అనుకున్నాను.

పోనీ, ఎందుకు మానేశావో చెప్పు.

చెప్పవు. నాతో చెప్పవు. మీ బావతో అయితే చెప్తావు. అవి వేసుకుంటే తలలో తడిగుడ్డ కుక్కినట్టు ఉంటుంది, మాట అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది అన్నావు కదూ ఆయనతో? ఎలా తెలిసిందా? విన్నాను.

ఆ రోజు ఆఫీసుకి నేను చూడాల్సిన పేషెంటు అమ్మాయి రాలేదు. సరే, ఇంట్లో కాసేపు నడుం వాలుద్దామని వచ్చేశాను. తాళంచెవి తీస్తున్నానా, వంటింట్లోంచి ఎవరిదో గొంతు. మీ బావ షాపు నుంచి ఎవర్నో భోజనానికి తీసుకొచ్చాడు కాబోలు అనుకున్నాను. భలే సరదా మనిషిలా ఉన్నాడే అని కూడా అనుకున్నాను. ఆయనేమో పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు, నా ఎదుట అలా ఎప్పుడూ నవ్వడే.

కాసేపు పట్టింది నాకు. నీ గొంతురా అది. తమ్ముడి గొంతు నేను గుర్తుపట్టలేదు.

ఎలా గుర్తుపడతాను? ఎన్నేళ్ళయింది వినక? కాలేజీలో ఉన్నప్పుడు నీ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. లెక్చరర్లని అచ్చు దింపి చేసేవాడివి, పక్కింటాయన దగ్గుని చేసేవాడివి, అమ్మ ఫోన్లో మాట్లాడితే పక్కనే నిలబడి అమ్మని చేసేవాడివి. పరీక్ష రాస్తూ రాస్తూ ఉండగా ఎవరో పిలుస్తున్నారని లేచి బయటికొచ్చేశావు చూడు, అప్పట్నుంచి మాకు ఆ పిల్లాడు మళ్ళీ కనబడలేదు. మాత్రలతో నీకు వినబడే ఆ గొంతులు తగ్గాయి. వాటితోపాటు నీ గొంతూ పోయింది. నీకోసమే కదరా నేనీ చదువులోకి దిగింది. స్కిజోఫ్రీనియా మొదలైన పిల్లల్ని ఏళ్ళ తరబడి చూడటం, ఎవరు నిలదొక్కుకున్నారు, ఎవరు మళ్ళీ పడ్డారు, ఎందుకు పడ్డారు అని రాయడం. రాశాను. బోలెడు రాశాను. నీతో ఒక్క మాట మాట్లాడించలేకపోయాను.

ఇంతకీ ఆ రోజు నువ్వు చేస్తున్నది ఎవర్నో తెలుసా నీకు? నన్నేరా! తలుపు సందులోంచి చూశాను. మీ బావ కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకున్నావు. 'నిద్ర ఎలా పడుతోంది? ఆకలి ఎలా ఉంది? ఎవరూ లేనప్పుడు ఎవరైనా మాట్లాడినట్టు అనిపించిందా?' అంటూ ప్రతి ప్రశ్నకీ ఒకసారి ముక్కు ఎగపీల్చావు. నేను ముక్కు ఎగపీలుస్తానట్రా? ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదే నాకు.

ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. లోపలికొస్తే నోరు మూసేస్తావని చెప్పులు చేతిలో పట్టుకుని మెట్ల మీదే కూర్చున్నాను, దొంగలాగ.

ఆ సాయంత్రం ఇల్లంతా వెతికాను. ఊరికే మాట రాదని తెలుసుగా నాకు. నా ఉద్యోగమే అది. మాత్ర మానేస్తే ముందు కొన్నాళ్ళు మబ్బు విడినట్టే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత ఎక్కువమంది ఏడాది తిరక్కుండా మళ్ళీ పడతారు, అంతకుముందు కంటే లోతుగా. పెట్టె దొరికింది. మాత్రల సంగతి పాపం మీ బావకేమీ తెలీదు. నువ్వు మాట్లాడుతున్నావని నాకెందుకు చెప్పలేదని మాత్రం అడిగాను. 'వాడు బాగుపడుతున్నాడే, నువ్వు చూస్తే దిష్టి తగులుతుందని చెప్పలేదు' అన్నాడు.

ఇవాళ పొద్దున ఏమైందో చెప్పనా? ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. పిల్ల చేత మాత్రలు మాన్పించేసింది. మళ్ళీ నవ్వుతోందండీ, ఏ చేతుల్తో ఇమ్మంటారు అంది. పదిమందిలో కడిగేశాను ఆవిణ్ని. 'నీకు నవ్వు కావాలా, పిల్ల కావాలా?' అన్నాను. తలొంచుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అప్పటికే నీ మాత్రలు ఎక్కడున్నాయో నాకు తెలుసు.

అవున్రా. ఇవాళ కాదు నేను చూసింది. పోయిన వారం. చూసి, మూత పెట్టేసి, ఎక్కడిదక్కడ పెట్టేశాను. రేపు చెప్దాంలే అనుకున్నాను. మర్నాడు ఆఫీసులో ఒంట్లో బాలేదని చెప్పి మధ్యాహ్నం ఇంటికొచ్చాను. ఆ మర్నాడు ఇంకేదో చెప్పాను. మెట్ల మీద కూర్చోవడం, నువ్వు మాట్లాడటం, నేను వినడం. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ. ఏం చేయను చెప్పు? ఎంతమంది తల్లుల్ని తిట్టానో ఇందుకే.

ఇవాళ కూడా వచ్చాను. బాగా నడుస్తోంది మీ ఆట. ముక్కలు పంచుతూ మళ్ళీ నన్ను మొదలెట్టావు. మధ్యలో ఆగిపోయావు. ఫ్రిజ్ వైపు తిరిగి, మెల్లిగా, 'కాస్త ఆగు, చెప్తున్నాగా' అన్నావు.

మీ బావ అదీ ఆటలో భాగమే అనుకుని నవ్వాడు. నువ్వు నవ్వలేదు. అక్కడెవరూ లేరురా.

అలా చూడకు. నాకూ ఇష్టం లేదు. వేరే మందు లేదా అంటావు, మార్చగలిగినవన్నీ మార్చి చూశాడు మీ డాక్టరు. దీనికి మించి ఇవ్వడానికి ఆయన దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. ఎంత చదివి ఏం లాభం?

ఇదుగో మాత్ర, పట్టు. నీళ్ళివిగో.

ఉండు ఉండు. వేసుకునే ముందు ఒక్కసారి నన్ను చేసి చూపించరా. నా ఎదురుగా. ముక్కు ఎగపీల్చడంతో సహా. నవ్వుతాను, ఒట్టు. ఏమీ రాసుకోను. అక్కలాగే చూస్తాను.

వద్దా? సరేలే.

మింగు. నోరు తెరువు. నాలుక పైకెత్తు. ఆ, చాలు.

బావకి నేను చెప్పుకుంటాను. ఆయన ముక్కలు పంచితే మాత్రం కాదనకు. మాట్లాడలేకపోయినా ఫరవాలేదు, ఎదురుగా కూర్చుని ఆడు. ఆయనకి ఆ కాస్త తోడు అలవాటైపోయింది.

నేను మాత్రం రేపట్నుంచి మధ్యాహ్నాలు ఇంటికి రానులే. ఆఫీసులో చాలా పని పడిపోయింది.