క్రూగర్‌కి బొట్టు

తనదంటే కంపెనీదైపోతుంది, కాదంటే పోయిన భర్తనే కాదన్నట్టవుతుంది, అనుకుంటోంది అంకమ్మ. చాట్స్‌వర్త్ పోలీస్ స్టేషన్ బల్ల మీద, తొంభై మూడులో దొంగలెత్తుకెళ్లిన ఆయన పాత నాణెం ఉంది. బంగారం మీద ఒకప్పుడు ఈ దేశాన్నేలిన క్రూగర్ దొర గడ్డం తల. ఎదురుగా హైదరాబాదు నుంచి ఈ దేశానికి ఉద్యోగానికొచ్చిన ఇన్సూరెన్స్ ఆఫీసరు.

“పరిహారం తీసుకున్నారు కదా ఆంటీ. దొరికిన నాణెం ఇక కంపెనీదే. మీ ఇంట్లో పోయింది ఇదేనని చెబితే చాలు.”

“ఆ డబ్బు ఆయన ఆస్పత్రికే పోయింది బాబూ. తిరిగి కట్టలేను.”

“తెలుసు ఆంటీ. గుర్తేమైనా ఉందా?”

“గడ్డం గీతల్లో చూడు, బొట్టు నుంచి రాలిన కుంకుమ.”

“క్రూగర్‌కి బొట్టు పెట్టారా!”

“బంగారమంటే లచ్చిందేవే గదా. ప్రతి శుక్కురారం పెట్టేదాన్ని. తెల్లదొరకి పూజేంటే అని ఆయన నవ్వేవోడు.”

“అయితే ఇక్కడ సంతకం పెట్టండి.”

“ఆగు. బొట్టుతో పంపను.”

అంకమ్మ చీర కొంగు తడిచేసుకుని ఆ గడ్డం తుడిచింది.