ముప్పై ఏడు సున్నాలను అనుమానించిన మేడమ్

1994 జూన్ 20, సోమవారం ఉదయం పదింటికి, అర్థశాస్త్రంలో ఒక పట్టా, పర్యావరణ శాస్త్రంలో మరొక పట్టా చేతబట్టుకుని, పర్యావరణ ఆర్థిక విశ్లేషకురాలిగా మా కాలుష్య నియంత్రణ కార్యాలయంలో ప్రవేశించిన మేడమ్‌గారికి ఆనాడు కూర్చోవడానికి గది చూపించినవారు లేరు. ప్రయోగశాలవారు ఆవిడను డబ్బు మనిషని, ఆర్థిక విభాగంవారు చెట్ల మనిషని తలచి, చివరికి మెట్ల మలుపులో ఒక బల్ల వేయించారు.

"ఫ్యాక్టరీలవాళ్ళే పంపించుంటారు. నదికి ఖరీదు కట్టి అమ్మేస్తుంది చూడు," అని కింద సీనియర్ కెమిస్టు.

"ఎండిన చెట్టుకి కూడా బడ్జెట్ అడుగుతుంది చూడండి," అని పైన సూపరింటెండెంటు.

మెట్ల మలుపులోకి ఆ రెండు మాటలూ స్పష్టంగానే వినిపించేవి.

అనుమానించడంలో మేడమ్‌గారు వారికేమీ తీసిపోలేదు. నీటి నమూనా సీసా మీద తేదీ మరీ ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంటే, ఒడ్డున నిలబడి రాశారా, ఫ్యాను కింద కూర్చుని రాశారా అని విచారించేవారు. సర్వే కాగితాల్లో వయసులన్నీ ముప్పై, నలభై, యాభై అని వస్తే, "ఆ వీధిలో నలభై మూడేళ్ళవాళ్ళు ఒక్కరూ లేరా నాయనా?" అనేవారు. అనుమానాల మేడమ్ అన్న పేరు అలా స్థిరపడింది. "ఇంట్లో పాలు విరిగినా ముందు వాంగ్మూలం నాదే," అని వారి భర్తగారు మా విందుల్లో చెప్పుకునేవారు.

ఆ ఉద్యోగం తాత్కాలికం. ఏటేటా మార్చిలో పొడిగించాలి. మూడవ ఏట, ఊరి చివరి తుంగమడుగును పూడ్చి గోదాములు కట్టే ప్రతిపాదన వచ్చింది. మడుగు వల్ల ప్రజలకు కలిగే మేలు విలువ ఎంతో తేల్చే బాధ్యత మేడమ్‌గారిపై పడింది. మడుగు పోకుండా ఉండడానికి మీ ఇంటి నుంచి నెలకు ఎంత ఇస్తారని నూట ఇరవై ఇళ్ళలో అడిగించారు. ముప్పై ఏడు ఇళ్ళవారు సున్నా అన్నారు. సగటు కట్టగా మడుగు విలువ గోదాముల లాభం ముందు తేలిపోయింది. నివేదికపై సంతకం చేసి పైకి పంపారు.

సంచాలకులు మొదటిసారి ఆవిడను కూర్చోమన్నారు. "శభాష్ అమ్మా. పొడిగింపు ఏమిటి, పర్మనెంటుకే రాస్తాను," అన్నారు.

ఆ మెచ్చుకోలు వినగానే మేడమ్‌గారి మనసులో పురుగు తొలిచింది. సర్వేకి వెళ్ళినవాళ్ళను గోదాములవాళ్ళు కొనేశారని అనుమానించి, కాగితాలన్నీ మళ్ళీ తిరగేశారు. సున్నాలన్నీ ఒకే వీధివి. అది చాపలల్లేవారి వీధి. ఆ మడుగు తుంగతోనే బతికేవాళ్ళు మడుగుకు విలువ లేదంటారా?

ఆదివారం తానే స్వయంగా వెళ్ళారు. చాపలల్లే పెద్దాయన తుంగ నానబెడుతూ తల ఎత్తలేదు.

"సున్నా అన్నది మీరేనా?"

"నేనే."

"ఎవరైనా అలా చెప్పమన్నారా?"

"మా ఆవిడ మాటే వినను తల్లీ, ఇంకొకరి మాట వింటానా?"

"మరి మడుగు పోతే మీకు నష్టం లేదా?"

పెద్దాయన తడి చెయ్యి పైకెత్తి చూపించాడు. "ఈ చెయ్యి నరక్కుండా ఉండాలంటే నెలకెంత ఇస్తావని అడిగితే నువ్వేం చెప్తావు? నా చెయ్యికి నేను కట్టేదేంటి, ఏమీ ఇవ్వనన్నాను. మీవాళ్ళు సున్నా వేసుకుపోయారు."

మిగిలిన ముప్పై ఆరు గడపలూ ఎక్కారు. దాదాపు అందరిదీ అదే మాట. తప్పు సర్వేకి వెళ్ళినవారిది కాదు. ప్రశ్న రాసింది మేడమ్‌గారే. కోపంతో ఇవ్వనన్నవారిని, అక్కర లేదన్నవారి లెక్కలో కలిపింది కూడా ఆవిడే.

"ఎవరూ పట్టుకోలేదుగా. మార్చి దాటనివ్వరాదూ?" అన్నారు భర్తగారు.

"నేను పట్టుకున్నానుగా."

మర్నాడే, తప్పు తనదని రాసి, నివేదికను ఉపసంహరించుకున్నారు.

"సంతకం వెనక్కి తీసుకునేవాళ్ళని ఎవరు పొడిగిస్తారమ్మా?" అన్నారు సంచాలకులు.

"పొడిగించకపోతే ఆ కారణమే కాగితం మీద రాసివ్వండి సార్."

ఆ కాగితం రాయడానికి ఎవరికీ చెయ్యాడలేదు. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది. బల్ల తనదో కాదో తెలియకుండానే మేడమ్‌గారు రోజూ వచ్చి, కొత్త ప్రశ్నలతో సర్వే నడిపారు: ఏడాదికి ఎన్ని రోజులు మడుగులో పని, మడుగు ఎండితే ఏ బావులు ఎండుతాయి, ఆ పని పోతే మరేం చేస్తారు అని. ఆ లెక్క ముందు గోదాములు నిలవలేదు. రోడ్డువారగా ఒక ముక్క పూడింది, మిగిలినది నేటికీ ఉన్నది. జూన్‌లో పొడిగింపు వచ్చింది, ఒక్క ఏడాదికే. అలా మరి పదకొండేళ్ళు.

ఆ పైన ఉద్యోగం స్థిరపడి, మేడమ్‌గారు విభాగాధిపతిగా ఎదిగి, నలుగురిని తీర్చిదిద్దిన సంగతి అందరికీ తెలిసినదే. అర్థశాస్త్రం, పర్యావరణం కలిపి చదివితే ఉద్యోగం వస్తుందా అని కాలేజీ పిల్లలు అడిగితే, "వస్తుంది. కాకపోతే రెండువైపులా నిన్ను నమ్మరు. ఓర్చుకోగలవేమో చూసుకో," అనేవారు. చేరినవారికి మొదటి రోజు ఆ పాత నివేదికే చేతికిచ్చి, తప్పు ఎక్కడుందో పట్టమనేవారు.

పదవీ విరమణ శుభవేళ ఆ ఉపసంహరణ ప్రస్తావన ఎందుకని ఈ అభినందన సంచిక సంఘంలో కొందరు సందేహించగా, మేడమ్‌గారు చీటీ పంపారు: "అది తీసేస్తే మిగతా పొగడ్తలు నేనే నమ్మను."

కనుక ఉన్నది ఉన్నట్టు రాశాము. మేడమ్‌గారు భర్తగారితో, పిల్లలతో సంపూర్ణ ఆరోగ్యంగా, గట్టి మోకాళ్ళతో నిండు నూరేళ్ళూ ఉండాలని కోరుకుంటున్నాము. ఇది సగటు కట్టి చెప్పిన మాట కాదు. కార్యాలయంలోని అరవై నలుగురినీ విడివిడిగా అడిగి రాసినది. అనుమానముంటే ఏనాడైనా వచ్చి, ఒక్కొక్కరినీ మళ్ళీ అడిగి చూసుకోవలసినదిగా సవినయంగా మనవి.