అరువు వేలు

భోజనం కాగానే టైలరు తన బావమరిదిని దుకాణం వెనకగదిలోకి లాక్కెళ్లి, షుగరు మీటరు తీశాడు. అందులో వచ్చిన అంకె ఫోన్లోంచి నేరుగా డాక్టరుకు వెళుతుంది.

“వేలు ఇలా తే.”

“మీ షుగరుకి నా వేలెందుకు బావా?”

“ఇందాక రెండు కేకులు లాగించాను. నా రక్తమే పంపితే ఆయన వాయించేస్తాడు.”

“సిగ్గులేదూ! నోరు కట్టుకోలేనివాళ్లకి ఈ మీటర్లెందుకు? నన్ను చూడండి, ఇంతవరకూ డాక్టరు గడప తొక్కలేదు.”

“అందుకేగా నిన్ను పిలిచింది.”

టైలరు సూది గుచ్చి, అంకె చూశాడు.

“మూడొందల నలభై!”

“మీటరు పాడైనట్టుంది బావా.”

“బాగానే ఉంది. గంటకో చెంబు నీళ్లు ఎందుకు తాగుతున్నావో ఇప్పుడు తెలిసిందిరా.”

అంతలోనే ఫోను మోగింది.

“డాక్టరుగారు! ఆయనకేం చెబుతారు బావా?”

“నేనేం చెప్పను? రక్తం నీది, నువ్వే మాట్లాడు.”