మూడు కోట్ల మంది చందాదారులు

నాలుగయ్యేసరికి ఆ భవనం మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలవుతుంది. మూడో అంతస్తులో ఉన్న ఆన్‌లైన్ గేమ్ కంపెనీ వాళ్ళు ఒక్కరు మిగలకుండా కిందికి దిగి, గేటు పక్క టీ కొట్టు ముందున్న రెండు బెంచీలూ నింపేస్తారు. మొదటి బెంచీ మధ్యలో మాత్రం ఎవరూ కూర్చోరు. అది కోట్లాయన చోటు. ఆయన కళ్ళకి లోకంలో ఏదీ కోటికి తక్కువ కనపడదు. రాత్రి దోమలు కుట్టాయన్నా కోటి దోమలే. అందుకని ఆ పేరు పెట్టారు, ఆయనా సంతోషంగానే ఒప్పుకున్నాడు.

ఆ రోజు ఆయన పక్కన బావమరిది కూర్చున్నాడు. బేకరీలో బట్టీ దగ్గర పని. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు, చొక్కా మీద ఎంత దులిపినా పోని పిండి. వచ్చిందగ్గర్నుంచీ గేటు మీది గడియారం వంకే చూస్తున్నాడు. చూడక ఏం చేస్తాడు? బేకరీ యజమానికి మోకాళ్ళు పనిచేయడం మానేశాయి. "ఇక బేకరీ అంతా నువ్వే చూసుకో, లాభంలో వాటా ఇస్తాను. కుదరదంటే మా తమ్ముడి కొడుకుని పిలిపించుకుంటాను. సాయంత్రం పిండి కలిపేలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పు" అన్నాడు పొద్దున. సరిగ్గా ఇలాంటప్పుడే బావ, "ఆ నిప్పుల దగ్గర ఎన్నాళ్ళు మాడతావురా, మా కంపెనీలోకి వచ్చెయ్. చల్లటి గది, తిరిగే కుర్చీ" అంటున్నాడు. ఏళ్ళ తరబడి నిలబడి పనిచేసినవాడికి కుర్చీ అన్న మాటే తియ్యగా వినిపిస్తుంది. మనసు అటే లాగుతోంది. ఆ కంపెనీ నిలబడుతుందా, నడిమధ్యలో ముంచుతుందా అన్నదే తేలడం లేదు. అక్కని అడిగితే, "మీ బావ చెప్పినదాంట్లో సగం తీసెయ్. మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసెయ్. అప్పటికీ ఏమైనా మిగిలితే నన్నడిగి నమ్ము" అంది.

"అది కాదు బావా," అన్నాడు టీ ఊదుకుంటూ, "ఊరికే ఆడుకునే ఆటలు బోలెడు దొరుకుతున్నాయి కదా. నెలనెలా చందా కట్టి మరీ మీ ఆట ఎవరాడతారు?"

కోట్లాయన గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే చేతులకి పని పడబోతోందని అర్థం. అటూ ఇటూ ఉన్నవాళ్ళు తమ గ్లాసులు జాగ్రత్త చేసుకుని కాస్త పక్కకి జరిగారు.

"పిచ్చివాడా! ఊరికే ఇచ్చే ఆట సంత లాంటిదిరా. వందమంది వస్తారు, తొంభై తొమ్మిది మంది ఊరికే చూసి పోతారు, మిగిలిన ఆ ఒక్కడికీ టోపీలూ కత్తులూ గుర్రాలూ అంటగట్టి బతకాలి. మర్నాడు మళ్ళీ ఇంకొకణ్ణి వెతుక్కోవాలి. మాది ఇల్లు అద్దెకిచ్చినట్టు. ఒకసారి చేరాడా, నెల తిరిగేసరికి చందా దానంతటదే వచ్చి పడుతుంది. వాడు ఆడినా వస్తుంది, ముసుగుతన్ని పడుకున్నా వస్తుంది. ఇక మాకుండే పనల్లా ఒక్కటే, ఖాళీ చేస్తానన్నవాణ్ణి ఖాళీ చెయ్యనివ్వకపోవడం. ఆ శాఖకి పెద్ద ఎవరనుకున్నావ్?"

"తమరేనా?" అన్నాడు టీ కొట్టాయన, రోజూ వినేదే అయినా.

"నేనే. చేరిన కొత్తలో ఒకాయన ఫోన్ చేసి 'మానేస్తానండీ, తీరిక ఉండటం లేదు' అన్నాడు. నేను వాదన పెట్టుకోలేదు. 'అలాగేనండీ, తప్పకుండా మానేయండి. మీ గుర్రం మాత్రం మొన్నటినుంచీ గడ్డి ముట్టడం లేదు' అన్నాను. అంతే! 'అయ్యో, ఏమైందండీ దానికి?' అన్నాడు పాపం. ఆ నెల చందా కట్టేశాడు."

ఇది జరిగే ఉంటుంది అనుకున్నాడు బావమరిది. సగం తీసేయాల్సిన అవసరం కూడా కనపడలేదు. కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరిగినట్టనిపించింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గుర్రం మీద బెంగతో వాడు పదేళ్ళ చందా ఒకేసారి కట్టేశాడు. వాళ్ళావిడ కొంగు బిగించి పోట్లాటకొచ్చింది. 'అసలా గుర్రం ఏదో నాకూ చూపించండి' అంది. చూసింది, చేరిపోయింది. ఆవిడ వెనకాల అత్తగారు, ఆడపడుచులు, తోడికోడళ్ళు, వియ్యాలవారు. అందరూ ఆటలోకొచ్చి కత్తులతో తేల్చుకునేసరికి ఇంట్లో మాటా మాటా అనుకోవడం మానేశారు. ఆ ఇల్లెందుకంత ప్రశాంతంగా ఉందో కనుక్కుందామని పక్కింటివాళ్ళు వచ్చారు. వాళ్ళని చూసి ఆ వీధి, ఆ వీధిని చూసి ఆ ఊరు!"

"మరి అంతమందికీ చోటు?" అన్నాడు టీ కొట్టాయన పాలు పొంగకుండా చూసుకుంటూ.

"అక్కడే వచ్చింది చిక్కు! మా ఆటలో నల్లకోట అని ఊరుంది, దాని బజారులో కత్తి దూయాలంటే పక్కవాణ్ణి 'కాస్త జరగండి బాబూ' అని బతిమాలుకోవాల్సి వచ్చేది. కొండ మీద రాక్షసుడు ఉంటాడు, వాణ్ణి చంపాలంటే లైను. కొండ దిగి, అడవి దాటి, సముద్రం ఒడ్డుదాకా లైను. తాత నిలబడితే వంతు వచ్చేసరికి మనవడి చేతిలో ఉండేది కత్తి. చచ్చి చచ్చి ఆ రాక్షసుడు విసిగిపోయాడు. ఒకరోజు సరాసరి నాకే ఫోన్ చేశాడు."

"ఎవరూ, రాక్షసుడే?"

"మరి! 'అయ్యా, పొద్దుటినుంచీ కోటిసార్లు చచ్చాను, నడుం పడిపోయింది, ఇక నావల్ల కాదు, మానేస్తాను' అన్నాడు. మానేస్తానన్నవాణ్ణి వదిలెయ్యడం నా చరిత్రలో ఉందా? 'చూడు నాయనా, ఆదివారం నువ్వు చావక్కర్లేదు. మధ్యాహ్నం భోజనానికి గంటసేపు ఎవరూ నీ మీదకి కత్తి ఎత్తరు. ఏడాదికోసారి జీతం పెంచుతాం' అన్నాను. పొంగిపోయాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ జీతంలోంచి వాడే నెల చందా కట్టడం మొదలుపెట్టాడు. పెళ్ళాం బిడ్డల పేరు మీద కూడా!"

బెంచీలు ఘొల్లుమన్నాయి. కంపెనీలో లెక్కలు చూసే అమ్మాయికి పొలమారింది. బావమరిది కూడా పడీ పడీ నవ్వాడు, ఆపుకోలేకపోయాడు. నవ్వు తగ్గగానే మళ్ళీ గడియారం వంక చూశాడు. అక్కడ యజమాని ఈపాటికి పిండి బస్తా విప్పుతూ ఉంటాడు.

"రాక్షసుడి జీతం సరే బావా. మీ జీతాలు సరిగ్గా వస్తున్నాయా?"

"జీతాలా!" కోట్లాయన రెండు చేతులూ చాపాడు. "ఒరే, ఆ చందాలు దాచడానికి చోటు చాలట్లేదు. బ్యాంకు మేనేజరు కాళ్ళావేళ్ళా పడ్డాడు, 'మీ డబ్బు లెక్కపెట్టీ లెక్కపెట్టీ మా క్యాషియర్ల వేళ్ళు అరిగిపోయాయి, గ్లాసు కూడా పట్టుకోలేకపోతున్నారు' అని. ఊరికే ఇచ్చే ఆటల యజమానులు ఇదే గేటు దగ్గర నిలబడి, కిటుకేదో చెప్పమని ప్రాధేయపడేవాళ్ళు. జాలిపడి కొన్నాళ్ళు చందాలు కట్టొద్దని మేమే ప్రకటించాం. మానితేనా? ఒక ముసలాయన పోయాడు పాపం. పోయినా చందా ఆగలేదు. ఏదో పొరపాటు అనుకుని ఇంటికి ఫోన్ చేశాను. 'ఆయన ఇక్కడ ఉండటం లేదండీ, ఇకనుంచీ నల్లకోటలోనే ఉంటానని చెప్పి కన్నుమూశారు' అన్నారు. ఇంకో దేశంలో అయితే జనమంతా మా ఆటలోకి వచ్చేస్తే ఎవర్ని పాలించాలో తెలీక రాజుగారు ఏడుస్తూ కూర్చున్నాడు. నేనే ధైర్యం చెప్పి కోట వెనకాల రెండు గదుల వాటా ఇప్పించాను. అంతెందుకు, ఇదిగో, మనం టీ తాగుతున్న ఈ క్షణంలో నల్లకోట బజారులో మూడు కోట్ల మంది ఉన్నారు. ఈగ దూరే సందు లేదు!"

"ఇప్పుడా?" అంది ఒక ఆడగొంతు.

అందరూ అటు తిరిగారు. కొట్టు చివర స్టూలు మీద పళ్ళ డాక్టరమ్మ కూర్చుని ఉంది. కింది అంతస్తులోనే ఆవిడ క్లినిక్. ఈ వేళప్పుడు ఆవిడ బయటికి రావడం ఎవరూ ఎరగరు. ఆ రోజు రోగులు పడుకునే కుర్చీ పైకి లేచి, కిందికి దిగనని మొండికేసింది. బాగుచేసే మనిషి వచ్చి గదంతా సామాను పరిచేసరికి, టీ అయినా తాగుదామని వచ్చి కూర్చుంది.

"నల్లకోట మీదేనా? మీ ఆఫీసు ఈ మేడలోనేనా? ఎంత దగ్గరండీ!" అంది ఆశ్చర్యంగా. "నేను రోజూ ఆడతాను. నాలుగింటికి నాకు పేషెంట్లు ఉండరు. ఆ కాసేపూ నల్లకోటలోనే."

కోట్లాయన ముఖం వెలిగిపోయింది. "చూశావురా! నేను చెబితే కోతలంటారు. ఇదిగో, సాక్షాత్తూ చందాదారు! డాక్టరమ్మగారూ, అక్కడి రద్దీ ఎలా ఉంటుందో మా బావమరిదికి మీ నోటితో చెప్పండి."

బెంచీల మీద నవ్వులు టక్కున ఆగిపోయాయి. "సార్, పైకి వెళ్దామా?" అంది లెక్కలమ్మాయి మెల్లగా. కోట్లాయన ఆ మాట వినిపించుకునే ఊపులో లేడు.

"రద్దీకేం, ఓ పది పన్నెండు మంది ఎప్పుడూ తిరుగుతూనే ఉంటారు," అంది డాక్టరమ్మ ఫోన్ తీస్తూ. "కానీ నాలుగింటికి ఊరికి శాపం తగులుతుంది కదండీ. ఎక్కడివాళ్ళక్కడ శిలలైపోతారు. ఇదిగో చూడండి."

బావమరిది లేచి వెళ్ళి ఫోన్‌లోకి తొంగిచూశాడు. బజారుంది, కొట్లున్నాయి, మధ్యలో మనుషులున్నారు. ఒక్కడూ కదలడం లేదు. కమ్మరి సుత్తి ఎత్తి పట్టుకుని అలాగే ఉన్నాడు. చేపలమ్మే ఆవిడ బుట్ట ముందు నిలబడి ఎటో చూస్తోంది. తెల్లగడ్డం మంత్రగాడు చెయ్యెత్తి మంత్రం మధ్యలో ఆగిపోయాడు. నిలువెత్తు కవచం తొడుక్కున్న మహావీరుడొకడు బజారంతా వదిలేసి గోడకేసి ముఖం పెట్టి నిలబడ్డాడు.

"ఈ శాపం ఎలాగైనా వదిలించాలని నెలల తరబడి తిరుగుతున్నాను," అంది డాక్టరమ్మ. "మంత్రగాణ్ణి అడిగితే అడవిలో మూలికలు ఏరుకురమ్మన్నాడు. సంచులకొద్దీ ఏరాను. అవి తెచ్చి బజారులో పోసి కూర్చుంటే కాసేపటికి అందరూ కదులుతారు. హమ్మయ్య, పనిచేసింది అనుకుంటాను. మర్నాడు నాలుగింటికి మళ్ళీ మామూలే. నేను లేకపోతే ఆ ఊరేమైపోతుందోనని ఆదివారం కూడా క్లినిక్కి వచ్చేస్తున్నాను."

బావమరిది ఫోన్‌లో ఉన్న మనుషుల్ని చూశాడు. తలెత్తి బెంచీల మీదున్న మనుషుల్ని చూశాడు. అక్కడ ఎంతమంది నిలబడి ఉన్నారో ఇక్కడ అంతమందే కూర్చుని ఉన్నారు.

"బావా," అన్నాడు, "ఆ తెల్లగడ్డం మంత్రగాడు ఎవరు?"

లెక్కలమ్మాయి బడిపిల్లలా చెయ్యెత్తింది.

"నేనేనండీ. కొత్తగా చేరినవాళ్ళు ఊరు ఖాళీగా ఉంటే నెల తిరక్కుండా పారిపోతున్నారని, ఆఫీసులో అందర్నీ లాగిన్ అయి తిరుగుతూ ఉండమన్నారు. పొద్దుటినుంచీ అదే పని. టీకి దిగినప్పుడు ఎవరి బొమ్మ అక్కడే నిలబడిపోతుంది. ఆ మూలికలు తెమ్మన్నది నేనే మేడమ్. మీరు అంత బాధగా అడుగుతుంటే ఏం చెప్పాలో తోచలేదు."

"మరి కమ్మరి?"

కంపెనీ కారు డ్రైవరు టీ గ్లాసు కాస్త పైకెత్తాడు. చేపలమ్మే ఆవిడ సంగతి అడక్కుండానే, మీసాల వాచ్‌మన్ నేల చూపులు చూశాడు.

"ఆ గోడకేసి నిలబడ్డ మహావీరుడు?"

అందరూ కోట్లాయన వంక చూశారు.

"మెట్లు దిగే తొందరలో ఇటు తిప్పడం మర్చిపోయాను," అన్నాడాయన.

"అయితే ఊరికి పట్టిన శాపం ఈ టీ అన్నమాట!" అంది డాక్టరమ్మ.

"ఒట్టమ్మా, నా టీలో నేనేమీ కలపను!" అన్నాడు టీ కొట్టాయన కంగారుగా.

"ఉండండి. మీరందరూ ఉద్యోగులైతే, నెలనెలా డబ్బు కట్టేది ఎవరు?"

"మీరు మేడమ్," అంది లెక్కలమ్మాయి.

"నేనూ? నేను కాక?"

"మీరే మేడమ్."

డాక్టరమ్మ నోరు తెరిచింది, తెరిచినట్టే ఉండిపోయింది. ఇంత జరిగినా కోట్లాయన చప్పబడితే ఆయన కోట్లాయనే కాదు. "గొప్పంతా అక్కడే ఉంది!" అని చెయ్యి ఊపాడు. "ఒక్క మనిషి కోసం ఊరు ఊరంతా జీతాలిచ్చి నడిపే ఆట భూప్రపంచంలో ఇంకోటి చూపించండి! మహారాణులకైనా ఉందా ఈ వైభోగం?"

"ఓహో, నేను మహారాణినా?" డాక్టరమ్మ ఖాళీ గ్లాసు పెట్టేసి లేచింది. "మహారాణి కప్పం పుచ్చుకుంటుంది కానీ కట్టదుగా. వచ్చే నెల నుంచీ చందా నాకు పంపించండి." నవ్వుతూనే అని లోపలికి వెళ్ళిపోయింది.

ఈసారి బెంచీల మీద ఎవరూ నవ్వలేదు. ఆవిడ ఒక్కతే తమ కంపెనీకి ఆధారమని అందరికీ తెలుసు.

బావమరిదికి ముందు ఒళ్ళు మండింది. ఇంకాసేపైతే నోటి దగ్గర కూడు వదులుకుని వచ్చేవాడే కదా! అంతలో బావ చేతులు కనపడ్డాయి. ఎప్పుడూ గాల్లో ఉండే ఆ చేతులు ఒళ్ళో ముడుచుకుని ఉన్నాయి. చెవులు ఎర్రబడ్డాయి. కోపం ఎటు పోయిందో పోయింది. వచ్చే నెల జీతం గురించి ఈయనకీ గుబులుగానే ఉందన్నమాట అనుకుని జాలిపడ్డాడు.

"బావా, నిజం చెప్పు. నన్నెందుకు రమ్మన్నావు?"

"ఆ నాలుగింటప్పుడు ఒక్కడైనా కదులుతూ ఉంటే బాగుంటుందనిరా," అన్నాడు కోట్లాయన, మొదటిసారి చిన్న గొంతుతో. "నీకు కష్టమేం ఉండదు. కూర్చుని అటూ ఇటూ నడిపిస్తే చాలు. నల్లకోటలో నీకు బేకరీ కూడా పెట్టిస్తాను."

అప్పుడే బావమరిది ఫోన్ మోగింది. బేకరీ యజమాని. బెంచీలన్నీ చెవులు రిక్కించాయి.

"చెప్పండయ్యా... ఆఁ, బేకరీ నేనే చూసుకుంటాను. వచ్చేస్తున్నాను, పిండి కలపకండి... లేదండీ, మా బావ కంపెనీకి వెళ్ళడం లేదు... ఎందుకంటారా?"

కోట్లాయన తలెత్తి చూశాడు. చుట్టూ ఆయన కింద పనిచేసేవాళ్ళు ఉన్నారు. బావమరిది ఆయన భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"వాళ్ళకి ఇప్పటికే మూడు కోట్ల మంది ఉన్నారండీ. ఇంకొకడికి చోటు లేదు."