స్లైడు బాబాయ్ కంటిచూపు

"నమ్మితే వినండి, నమ్మకపోతే టీ తాగేసి మీ దారిన మీరు వెళ్ళండి," అంటూ మొదలుపెట్టాడు స్లైడు బాబాయ్.

ఆసుపత్రి గేటు ఎదురుగా టీ కొట్టు. బెంచీ మీద ల్యాబ్‌లో పనిచేసే బాబాయ్, ఆయన పక్కన గేటు వాచ్‌మన్, పొయ్యి దగ్గర కొట్టు అక్క, కాస్త ఎడంగా పాలకోసం ఫ్లాస్కు పట్టుకుని నడివయసు మనిషి ఒకడు. ఆయన కూతురు మూడు వారాలుగా పై అంతస్తు వార్డులో జ్వరంతో ఉంది. ఒంటి మీద ఎక్కడ పట్టుకున్నా కమిలిపోతోంది. రక్తంలో ఏముందో తేలితే గానీ మందు మొదలుపెట్టలేమన్నారు డాక్టర్లు. ఆ రక్తం అరగంట క్రితం తీసింది బాబాయే. కూతురికి ఎక్కించడానికి సరిపోతుందేమో చూడాలని తండ్రి దగ్గర కూడా ఒక గాజు గొట్టం నిండా రక్తం తీశాడు. ఆ రెండు గొట్టాలూ ఇప్పుడు బాబాయ్ చొక్కా జేబులో పెన్ను పక్కన ఉన్నాయి. ల్యాబ్‌లో మిషన్ సిద్ధమయ్యేలోపు ఒక టీ తాగుదామని ఇక్కడ ఆగాడు.

"నేను ఈ పనిలో చేరిన కొత్తలో సంగతి. ఒకాయన్ని తెచ్చారు. వణికిపోతున్నాడు, ఆయనతో పాటు మంచమూ వణుకుతోంది. పెద్ద డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. నేను ఒక చుక్క రక్తం స్లైడు మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసి, అయ్యా ఇది మలేరియా అన్నాను. మందు మార్చారు. నాలుగో రోజుకి మనిషి లేచి తిరిగాడు."

"నీ పనే అది కదా బాబాయ్, అందులో గొప్పేముంది?" అన్నాడు వాచ్‌మన్.

"ఉండవయ్యా, చెప్పనీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వారమే మైక్రోస్కోపు అద్దం పగిలింది. వరండా నిండా జ్వరాలు. పెద్ద డాక్టరు నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. నేను స్లైడు తీసుకెళ్ళి కిటికీ వెలుగులో పెట్టి, ఈ కన్ను మూసి, ఈ కంటితో చూశాను. ఉత్త కంటితో. మలేరియా పురుగులు పదిహేడు కనిపించాయి. అద్దం బాగుచేయించాక ఆయనే కూర్చుని లెక్కపెట్టుకున్నాడు, పదహారు వచ్చాయి."

"అయితే నువ్వు తప్పినట్టేగా," అంది అక్క.

"తప్పలేదమ్మా. ఈలోగా ఒకటి చచ్చిపోయింది."

వాచ్‌మన్ టీ పొలమారి దగ్గాడు. బాబాయ్ తల పక్కకి వంచి ఆ దగ్గు విని, "నీకేం లేదులే, తాగు," అన్నాడు.

"అదిగో, అప్పటి నుంచి నాకు మైక్రోస్కోపుతో పని లేకుండా పోయింది. గోడ అవతల ఎవరైనా దగ్గితే చాలు, ఎడమ ఊపిరితిత్తి, పైభాగం, ఆరు నెలల నాటి క్షయ అని కాగితం మీద రాసి కిటికీలోంచి అందించేవాణ్ణి. ఎక్స్‌రే తీసేవాడు ఇక తనెందుకని మిషన్ ఆపేసి నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. రక్తం సంగతైతే చెప్పనే అక్కర్లేదు. గొట్టం చెవి దగ్గర పెట్టుకున్నానంటే ఆ మనిషి చిన్నప్పుడు ఏ చెట్టు మీంచి పడ్డాడో కూడా చెప్పేస్తాను. మా ల్యాబ్‌వాళ్ళున్నారే, మంచం దగ్గర నిలబడి, రోగిని పేరు అడిగి, గొట్టం మీద పేరు రాసి, మంచం నంబరు రాసి, మళ్ళీ అడిగి సరిచూసుకుని, గుచ్చడం కన్నా రాయడానికే ఎక్కువసేపు తీసుకుంటారు. నాకెందుకా రాతకోతలు? రక్తం చూస్తే మనిషి మొహమే కనిపిస్తుంది."

"మీసాలు కూడా కనిపిస్తాయా?" అన్నాడు వాచ్‌మన్.

"దువ్వుకున్నాడో లేదో కూడా."

అక్క నవ్వింది. ఫ్లాస్కు పట్టుకున్నాయన నవ్వలేదు. బెంచీ దగ్గరికి ఒక అడుగు జరిగాడు.

"ఇవన్నీ ఒక ఎత్తు, శవాలగది సంగతి ఒక ఎత్తు. ఒకాయన పోయాడన్నారు. గుడ్డ కప్పేశారు. ఇంటివాళ్ళు ఏడ్చి ఏడ్చి గొంతులు పోగొట్టుకున్నారు. తోసుకెళ్తుంటే సరిగ్గా నా కిటికీ ముందు బండి చక్రం ఇరుక్కుంది. ఊరికే చూస్తూ ఉండటమెందుకని వేలు గుచ్చి ఒక చుక్క తీశాను. చూద్దును కదా, తెల్లకణాలు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. మనిషి పోయిన సంగతి వాటికి ఎవరూ చెప్పలేదు పాపం. వెంటనే కాగితం తీసి, రక్తం బాగుంది, రోగం లేదు అని రాసి, సంతకం పెట్టి ఆయన గుండెల మీద పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లేచి కూర్చున్నాడు. రిపోర్టు చదువుకున్నాడు. కప్పిన గుడ్డ మడతపెట్టి ఇచ్చేసి ఇంటికి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు."

"ఇప్పుడెక్కడున్నాడు ఆయన?" అంది అక్క.

"ఇక్కడిక్కడే తిరుగుతుంటాడు. నేను ఎదురైతే మొహం తిప్పుకుంటాడు. హాయిగా పడుకున్నవాణ్ణి ఎందుకు లేపావని కోపం. కానీ ఒకటి మాత్రం నిజం, ఆ రోజు నుంచి రోగాలకి నా సంతకమంటే హడలు. నేను బాగుందని రాశానంటే ఎంతటి జబ్బైనా మూటాముల్లె సర్దుకుని పోవాల్సిందే."

"అయ్యా," అన్నాడు ఆ మనిషి. "మా అమ్మాయికి కూడా అలా రాస్తారా?"

వాచ్‌మన్ తన గ్లాసులోకి చూసుకున్నాడు. అక్క పొయ్యి మంట తగ్గించింది. బాబాయ్‌కి ఆ మనిషిని గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది. అరగంట క్రితం చెయ్యి చాపి తన ముందు కూర్చున్నవాడే. అయినా అంతదూరం వచ్చిన నోరు వెనక్కి తిరగలేదు.

"రాయకేం? ఇక్కడే చూసి చెప్తాను," అంటూ జేబులోంచి గొట్టాలు రెండూ తీసి ఎండకేసి పట్టుకున్నాడు.

రెండింటికీ ఊదారంగు మూతలే. రెండూ అంతే నిండుగా, అంతే ఎర్రగా ఉన్నాయి. రెండింటి మీదా అంటించిన తెల్ల కాగితాలు ఖాళీగా ఉన్నాయి.

"ఇందులో అమ్మాయిది ఏదండీ?" అని అడిగాడు తండ్రి. ఆ గొంతులో వెటకారం లేదు. బాబాయ్ చెప్పినవన్నీ ఆయన నమ్మాడు.

బాబాయ్ కుడిచేతిలోది చూశాడు, ఎడమచేతిలోది చూశాడు. "ముందు అమ్మాయిది తీశాను, పెన్ను పక్కన పెట్టాను," అని గొణుక్కున్నాడు. తర్వాత తండ్రిది కూడా పెన్ను పక్కనే పెట్టాడు. బెంచీ మీద కూర్చునేటప్పుడు ఒకసారి, గ్లాసు అందుకునేటప్పుడు ఒకసారి వంగాడు. గొట్టాలు జేబులో ఎటు దొర్లాయో ఆయనకి తెలియదు.

"మిషన్‌లో పెడితే తేలిపోదా బాబాయ్?" అన్నాడు వాచ్‌మన్ మెల్లగా. "జబ్బున్నది ఆ పిల్లకేగా."

"జబ్బేమిటో తేల్చమనే కదా నాకిచ్చింది," అన్నాడు బాబాయ్. ఇందాకటి గొంతు కాదది. "ఊహించి పేరు రాస్తే, అది తప్పితే? ఈయన రక్తం చూసి ఆ పిల్లకి ఏమీ లేదంటారు. నేను రాసిన కాగితం పట్టుకునే ఇంటికి వెళ్తుంది. ఇవి రెండూ పనికిరావు. మళ్ళీ తీయాలి."

తండ్రి ఫ్లాస్కు బెంచీ మీద పెట్టాడు.

"నాలుగు చోట్ల గుచ్చితే గానీ నరం దొరకలేదు, మీరే చూశారుగా. పళ్ళు బిగించుకుని చెయ్యి ఇచ్చింది. ఇదే ఆఖరుసారి, ఇక గుచ్చరు అని మాటిచ్చి పాలకోసం కిందికి వచ్చాను. ఇప్పుడు దానికి ఏం చెప్పమంటారు?"

బాబాయ్ గొట్టాలు రెండూ జేబులో పెట్టేశాడు. టీ సగంలో వదిలేసి లేచాడు. "నేనే చెప్తాను పదండి. తప్పు నాదని చెప్తాను," అన్నాడు. తండ్రి వెనకాలే నడిచాడు.

మెట్ల దగ్గరికి వచ్చాక బాబాయ్ ఆగాడు. జేబులోంచి పెన్ను తీసి, మూత తీసి, ఆయన మొహం వైపు చూడకుండా అడిగాడు.

"అమ్మాయి పేరేంటండీ?"