రెండోసారి బిగించిన గాస్కెట్

సభకు పెద్దగా కూర్చున్న మా షెడ్డు యజమాని వీరభద్ర గారికి, కాలేజీకి సెలవు పెట్టి మరీ వచ్చి నన్ను ఇంతగా మెచ్చుకున్న శివకుమారి మేడమ్‌కు, కడప మెకానిక్ సోదరులకు, చాలా ఏళ్ళ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చిన మా షెడ్డు వాళ్ళకు (నవ్వులు), నేను ఎంతసేపు మాట్లాడతానో అని ముందు వరుసలో గడియారం చూస్తున్న నా భార్య స్తుతికి నమస్కారాలు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే షెడ్డులో పనిచేశాను. జ్ఞానరాజుకు పని రాదన్నవాడు ఈ ఊళ్ళో లేడు, అంటే ఊరుకునేవాణ్ణీ కాదు. మోకాళ్ళు మొరాయించాయి కాబట్టి దిగిపోతున్నాను గానీ చేతులు ఇప్పటికీ నా మాట వింటాయి. నా తర్వాత హెడ్ మెకానిక్‌గా, నా దగ్గరే పనిచేస్తున్న శివలీల ఉండాలని వీరభద్ర గారూ నేనూ అనుకున్నాం. ఆమె ఇంకా ఒప్పుకోలేదు. ఈ మైకు ముందు నేనొక మాట చెబితేనే ఒప్పుకుంటానని షరతు పెట్టింది. ఆ మాట కోసమే లేచాను.

ఇందాక మేడమ్ తన పాత హైబ్రిడ్ కారు సంగతి చెప్పారు. రోజూ కడప నుంచి రాజంపేటకు పాఠాలు చెప్పడానికి పోతూ దారిపొడవునా తలనొప్పి, వికారం. డాక్టరు కళ్ళద్దాలు మార్పించినా తగ్గలేదు. చివరికి ఉద్యోగం మానేస్తానని కాగితం కూడా రాసి పెట్టుకున్నారట. కారు లోపలికి పొగ వస్తోందని కనిపెట్టి తనను కాపాడింది జ్ఞానరాజు గారేనని అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని కూర్చున్నాను, మీరు వినయం అనుకున్నారు.

అసలు జరిగింది వేరు. పోయిన వేసవిలో ఆ బండి పొగగొట్టం ఇంజన్‌కు కలిసేచోట పొగ కారుతుంటే విప్పింది నేనే. తెలియనివాళ్ళ కోసం చెబుతాను, గాస్కెట్ అంటే రెండు గొట్టాల మూతుల మధ్య నలిగి సందు మూసే రింగు. ఒకసారి నలిగింది మళ్ళీ ఉబ్బదు, అందుకే విప్పిన ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. ఈ ముక్క నేను ఎంతమందికి నేర్పానో లెక్క లేదు. అలాంటి నేను, కొత్తది రావడానికి వారం పడుతుందంటే, పాతదానికే పేస్టు పూసి బిగించాను. సగం సేపు బ్యాటరీ మీద పోయే బండి కదా, ఇంజన్‌కు సగం పనే, గాస్కెట్‌కూ సగం పనే అని నా తెలివి!

పక్కనే ఉన్న శివలీల ఊరుకోలేదు. "అన్నా, సగం సేపే నడుస్తాదని కాదు చూడాల్సింది. రాజంపేట పోయొచ్చేలోపల ఇంజన్ యాభై సార్లు లేస్తాది, ఆగుతాది. కాగుతాది, చల్లారుతాది. ఇనుము సాగి ముడుచుకుంటాంటే ఆ పేస్టు యాడ నిలుస్తాది?" అంది.

"నువ్వు పుట్టకముందు నుంచి గాస్కెట్లు మారుస్తాండా, పోయి టీ చెప్పుపో" అన్నాను. (నవ్వులు) నవ్వకండప్పా, నవ్వే సంగతి కాదు.

తర్వాత మేడమ్ రెండుసార్లు వచ్చారు. దారిలో వేడెక్కి వచ్చిన బండి, ఇంజన్ రెండు నిమిషాలు నడిచి తనంతట తనే ఆగిపోయేది. నాకేమీ వినబడలేదు. "ఎండ మేడమ్, మన కడప ఎండ" అని పంపించాను. మూడోసారి వచ్చినప్పుడు నేను మోకాలు పట్టేసి ఇంట్లో పడుకున్నాను. శివలీల బండిని రాత్రంతా షెడ్డులోనే ఉంచి, వేడికి సాగి సందు మూసేసిన ఇనుము చల్లారి ముడుచుకున్నాక పొద్దున్నే పట్టుకుంది. ఆమెది బేతంచెర్ల. అక్కడ బండలు పాలిష్ పట్టేటప్పుడు వచ్చే తెల్ల పొడిని నీళ్ళలో కలిపి అతుకు చుట్టూ పూసి, ఆరాక ఇంజన్ లేపింది. తెల్లటి పూత మీద నల్లగా మసి గీత పడింది. పేస్టు పగిలింది సరిగ్గా అక్కడే.

కొత్త గాస్కెట్, కొత్త బోల్టులు తెప్పించింది. ఆ బండి ఆగి ఉందో మేలుకుని ఉందో చప్పుడును బట్టి తెలియదు గనక, ఎవరైనా పొరపాటున బటన్ నొక్కినా ఇంజన్ లేవకుండా తాళాన్ని దూరంగా టీ అంగట్లో పెట్టించింది. రెండు మూతులూ బ్రష్షుతో రుద్ది, పేస్టు ముట్టకుండా, రెండు బోల్టులనూ కొంచెం కొంచెంగా సమంగా బిగించింది. నేను వెళ్ళేసరికి పని అయిపోయింది. మేడమ్‌కు తాళం ఇచ్చింది మాత్రం నేను. ఆవిడ చేతులెత్తి దండం పెడితే తీసుకున్నదీ నేనే.

(శివకుమారి మేడమ్ వైపు తిరిగి)

మేడమ్, మీ తలనొప్పి ఎండ వల్ల కాదు, నా వల్ల. మీరు ఉద్యోగం వదులుకునే దాకా తెచ్చింది నా పొగరు. నన్ను క్షమించండి. పెద్దవాణ్ణని మొహమాటపడకండి, కోపం వస్తే తిట్టండి.

నిన్న శివలీలను బతిమాలాను, పోయినదేదో పోయింది, సభలో ఎందుకమ్మా అని. ఆమె అన్నది ఇది: "నువ్వు చెప్పకుండా పోతే, ఆ కుర్చీలో కూర్చోని నేను కూడా చెప్పకుండా ఉండేది నేర్చుకుంటానన్నా. నాకొద్దు."

వచ్చినవాళ్ళకూ, ఓపిగ్గా విన్నవాళ్ళకూ, ఇన్నేళ్ళు నన్ను నమ్మి బండ్లు ఇచ్చినవాళ్ళకూ కృతజ్ఞతలు. శివలీలా, చెప్పేశానమ్మా. రేపు పొద్దున షెడ్డు నువ్వే తెరువు.

సెలవు.